గద్వాలమ్మ కుడిచెయ్యి

నాగర్‌కర్నూల్‌లో నా క్లినిక్కుకు వచ్చేవాళ్ళతో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను అనే మాట ఒకటే: వదులు. చెయ్యి వదులు, మెడ వదులు, కాలు వదులు. బరువంతా నా చేతిలో పెట్టి మీరు ఊరికే ఉండండి అని దాని అర్థం. మొన్న పొద్దున కూడా ఒక పెద్దాయన మోచేతిని నా అరచేతిలో పెట్టుకుని ఆ మాటే అంటున్నాను. ఫోన్ మోగింది. గద్వాల నుంచి ఒక ఆడమనిషి గొంతు, "సార్, అత్తమ్మ పోయింది" అంది.

ఎవరి అత్తమ్మ అని అడగలేదు. గద్వాలలో ఆ గొంతుకు అత్త ఎవరో నాకు తెలుసు. పెద్దాయన చేతిని మెల్లగా దిండు మీద దింపి, రేపు రమ్మన్నాను. వదులు అనే మాటను నా దగ్గర ఏనాడూ ఒప్పుకోని మనిషి పోయింది. ఇక ఆ పూట ఎవరితోనూ ఆ మాట అనబుద్ధి కాలేదు.

ఆమెకు ఒక పేరుండేది. మా కాలేజీలో ఎవరూ దాన్ని వాడలేదు. అందరికీ గద్వాలమ్మే.

వనపర్తి దాటాక గద్వాల వెళ్ళే రోడ్డు పక్కన ఉంటుంది మా యూనివర్సిటీ వాళ్ళ ఫిజియోథెరపీ కాలేజీ. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు అది కాలేజీ కాదు, కరెంటు దవాఖాన. నొప్పి ఉన్నచోట పెట్టే యంత్రం జివ్వుమంటుంది కాబట్టి ఆ పేరు. ఆ యంత్రం పెట్టకుండా వ్యాయామం చెప్పి పంపిస్తే మనల్ని దొంగల్లా చూస్తారు. నేను వనపర్తి బజారులో కిరాణా కొట్టు మీద పెరిగినవాణ్ణి. డాక్టరు సీటు రాలేదు. వచ్చిన సీటును మా నాన్న సరుకు చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసి, నొప్పులకు గిరాకీ ఎప్పుడూ తగ్గదు, చేరు అన్నాడు. ఆ లెక్క మీద నేను ఫిజియోథెరపిస్టునయ్యాను. ఇప్పటికీ పేషెంట్లతో నాది కొట్టు మీది పద్ధతే. వ్యాయామం కావాలని ఎక్కువ చెబుతాను, వాళ్ళు బేరమాడి సగానికి దింపుతారు, నాకు కావలసింది ఆ సగమే. ఇద్దరమూ గెలిచామనుకుని విడిపోతాం.

ఈ బేరాల గొప్పోణ్ణి గద్వాలమ్మ మొదటిరోజే కూర్చోబెట్టింది.

ఆమె గద్వాలలో చీరలు నేసే ఇంటి మనిషి. ఊహ తెలిసినప్పటి నుంచి గుంట మగ్గంలో కాళ్ళు దింపి కూర్చున్న మనిషి. పైనుంచి వేలాడే తాడును కుడిచేత్తో గుంజి అడ్డపోగు మోసే నాడెను ఆ చివర నుంచి ఈ చివరకు కొట్టీ కొట్టీ, ఒక ఏడాది భుజం బిగుసుకుపోయింది. జుట్టు దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేవలేదట. అలా మా దగ్గరకు వచ్చింది. ఎడమ అరచేతిని కుడి మోచేతి కింద పెట్టుకుని, నిద్రపోయే పసిపిల్లను మోసినట్టు మోసుకొచ్చేది ఆ చేతిని. కిటికీ పక్క కుర్చీ ఆమెది. అందులో ఇంకెవరైనా కూర్చుంటే వచ్చి ఎదురుగా నిలబడేది, లేచేదాకా.

అప్పట్లో మా కాలేజీకి రోగులు తక్కువ, విద్యార్థులు ఎక్కువ. అందుకని ఏ భుజం పాఠమైనా ఆమె భుజం మీదే. మొదటిరోజు మా సారు ఆమె చేతిని తెచ్చి నా చేతుల్లో పెట్టారు. పుస్తకంలో ఉన్నట్టే, "అమ్మా, చెయ్యి వదులు చెయ్యండి" అన్నాను.

ఆమె నా ముఖం వంక చూసింది. "ఎవలింటి పిల్లగానివి?"

బజారులో కిరాణా కొట్టు మాదే అన్నాను.

"సేటు కొడుకువా. మీ దుకాణంల తూకం వదులుగ వెడ్తరా?"

తరగతంతా నవ్వింది. నేత ఇళ్ళలో ఆ మాట ఎంత చెడ్డదో నాకు తరవాత తెలిసింది. మగ్గం మీది నిలువు పోగులు, పడుగు, వదులైతే అంచు వంకరపోతుంది. వదులుగా నేసిందంటే ఆ మనిషికి పని రాదని అర్థం. పుట్టినప్పటి నుంచి బిగువు కోసం బతికిన మనిషిని పట్టుకుని రోజుకో కుర్రాడు వచ్చి వదులు, వదులు అంటుంటే ఆమెకు తిట్టినట్టే ఉండేది. చెయ్యి ఇచ్చేది. బరువు ఇచ్చేది కాదు. మన అరచేతిలో ఆమె మోచెయ్యి ఉంటుంది గానీ, దాన్ని పైనుంచి పట్టుకుని ఉండేది ఆమే.

నేను ఊరుకోలేదు. నా చెయ్యి తక్కెడ అనుకో, నీ చెయ్యి సరుకనుకో, మొత్తం పెట్టెయ్యి అని బతిమాలాను.

"మొత్తం పెడ్తె నువ్వు బొటనేలేసి నొక్కవని ఏం నమ్మకం?" అంది.

అప్పటి నుంచి నా పేరు సేటు.

ఆమె పద్ధతులు ఆమెవి. కుర్చీలో కూర్చోగానే ముందు అమ్మాయిల చున్నీల అంచులు బొటనవేలితో, చూపుడువేలితో నలిపి చూసేది. మిల్లుది అనుకుంటే ఇంకేమీ అనకుండా వదిలేసేది, అదే పెద్ద తిట్టు. ఒకసారి బయటి ఊరి నుంచి వచ్చిన ప్రొఫెసర్‌గారి టై కూడా నలిపింది. ఆయన అలాగే వంగి నిలబడ్డారు, ఆమె వదిలేదాకా. నొప్పి పదిలో ఎంతుందమ్మా అని అడగడం మాకు నేర్పారు. ఆమెను అడిగితే, నువ్వెంత రాసుకుంటవో రాసుకో అనేది. విద్యార్థులను పేర్లతో గుర్తుపెట్టుకునేది కాదు. ఒక బ్యాచి మొత్తానికి కలిపి ఒక పేరు. ఒకటి గోళ్ళ బ్యాచి. ఒకటి చల్లచేతుల బ్యాచి. మాది వణుకుడు బ్యాచి. నాకది చాలా అన్యాయమనిపించేది. వణికింది నేనొక్కణ్ణే.

ఇక ఆఖరి పరీక్షల ముందు మాట. గద్వాలలో చుట్టాల పెళ్ళికి పోయి, వనపర్తి బస్సులో తిరిగి వస్తున్నాను. బస్సు కిక్కిరిసి ఉంది. నేను వెనక మెట్ల దగ్గర నిలబడి, పుస్తకం తెరిచి, ఒక్క ముక్కా ఎక్కక చెమటలు పడుతున్నాను. మధ్యలో జనం కాస్త కదిలితే ముందు వైపు ఒక చెయ్యి కనిపించింది. పైన ఇనుపరాడ్డు పట్టుకున్న చెయ్యి. మోచేతి దగ్గర పచ్చబొట్టు, తేలుబొమ్మ. ఆ తేలు కాలేజీలో నా కళ్ళ ముందు ఎన్నిసార్లు పడిందో. ఎప్పుడూ నడుము ఎత్తులోనే చూశాను. ఇప్పుడు జనం తలల మీద ఊగుతున్నది.

డ్రైవరు బ్రేకు వేశాడు. బస్సంతా ముందుకు తూలింది. ఆ చెయ్యి మాత్రం రాడ్డు వదల్లేదు, మనిషిని నిలబెట్టింది.

కాలేజీ స్టాపు వచ్చింది. ఆమె రాడ్డు వదిలి, చేతిని కిందికి దించి, పక్కకు హత్తుకుని, ఎడమ అరచేతిని మోచేతి కింద పెట్టుకుని, పసిపిల్లను మోసినట్టు మోసుకుంటూ దిగింది.

నేను వెంటే దిగి గేటు దగ్గర అందుకున్నాను. బస్సుల రాడ్డు పట్టుకున్నది ఏ చెయ్యమ్మా అని అడిగాను. ఆమె ఆగింది. ఉలిక్కిపడలేదు. కొట్టు మీద పాత గిరాకీ సరుకులో లోపం చూపిస్తే మా నాన్న ఎలా చూసేవాడో అలా చూసింది.

"చూసినవా?"

"చూసిన."

"ఏం గావాలె నీకు?"

బేరానికి ఇంత సూటిగా దిగినవాళ్ళను నేను అప్పటిదాకా చూడలేదు. నాకేమీ వద్దన్నాను, అది అబద్ధం. ముందు సంగతేమిటో చెప్పమన్నాను. గేటు గోడ మీద కూర్చుని చెప్పింది. భుజం బాగుపడి చాలా రోజులైందట. మా వ్యాయామాల వల్లో, దానంతటదే విడిచిందో ఆమెకు తెలియదు. కానీ అప్పటికి పరీక్షలు దగ్గర పడ్డాయి. సార్లు వచ్చి, పరీక్షకు నీ భుజమే పెడుతున్నామమ్మా, తప్పకుండా రావాలె అన్నారు. బాగైపోయిందని చెప్పడానికి నోరు రాలేదు.

"నాది బాగైందని చెప్తే మీ పిల్లలు ఎవల చెయ్యి వట్టి నేర్సుకుంటరు? దుకాణంల సాంపిల్ పీసు అమ్ముకుంటరా సేటూ మీరు?"

సాంపిల్ పీసు అమ్మరు.

రెండో సంగతి ఆమె నేల చూస్తూ చెప్పింది. చెయ్యి పడిపోయిందని ఆమె మగ్గం కోడలికి ఇచ్చారు. కొడుకు ఒక మగ్గం మీద, కోడలు ఇంకో మగ్గం మీద. కోడలు వచ్చిన కొత్త, పిల్ల పగలంతా గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నది. తానేమో వారానికోసారి బస్సెక్కి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, పదిమంది అమ్మా అమ్మా అంటుంటే చాయ్ తాగి వస్తున్నది. చిన్నప్పటి నుంచి మగ్గం దిగని మనిషికి అది ఎంత రుచిగా ఉంటుందో ఆమె చెప్పలేదు, నాకు కనిపించింది.

"ఇంట్ల తెల్వొద్దు," అంది. "కోడలికి తెలిస్తే నా ముఖం ఏడ వెట్టుకోవాలె?"

ఎవరికీ చెప్పనన్నాను. బదులుగా నాకొక్కటి కావాలన్నాను. పరీక్షలో ఆమె నాకు పడితే, ఒక్కసారి, ఒక్క నిమిషం, చెయ్యి బరువు నాకివ్వాలి. బయటి నుంచి వచ్చే ఎగ్జామినరు చూసేది అదే. రోగి బరువు చేతిలోకి రాకపోతే నాకు పట్టుకోవడం రాదనుకుంటాడు.

నొప్పి ఎక్కడ కావాలంటే అక్కడ చూపిస్తానంది. ఏ మాట అడిగితే ఆ మాట చెబుతానంది. కళ్ళనీళ్ళు కూడా పెడతానంది. "గదొక్కటి అడగకు. వదులిచ్చుడు నాకు రాదు."

రాదు అంది. ఇవ్వను అనలేదు. ఆ తేడా అప్పుడు నాకు ఎక్కలేదు.

పరీక్షలో ఆమే పడింది. ఎగ్జామినరు పొడుగాటి మనిషి, నా వెనకే నిలబడి ఊపిరి వదులుతున్నారు. నా బ్యాచి పేరు నిలబెడుతూ నా వేళ్ళు మొదలుపెట్టాయి. నేను రెండు చేతులూ చాచి ఆమె భుజం వైపు వంగాను, ఇంకా తగల్లేదు, ఆమె "అబ్బా" అని మూలిగింది.

నా చేతులు గాలిలో ఉన్నాయి. నా పని అయిపోయిందనుకున్నాను. ఎగ్జామినరు ముందుకు వచ్చి, అబ్బాయి ఇంకా ముట్టుకోనే లేదు కదమ్మా అన్నారు.

"ముట్టుతడని తెల్సు గద సారు," అంది ఆమె.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మా వైపు తిరిగి, నొప్పి కన్న నొప్పి భయం ముందు పుడుతుందని, మీరు చేతులు చాపకముందే రోగి శరీరం మిమ్మల్ని చూస్తుందని, ఇది గుర్తుంచుకోండని ఒక పాఠమే చెప్పారు. చెప్పీ చెప్పీ టైము అయిపోయింది. నన్నేమీ అడగలేదు. నేను పాసయ్యాను. గేటు దగ్గర గద్వాలమ్మ నన్ను చూసి చేతిని ఇంకాస్త భద్రంగా పొదివి పట్టుకుని బస్సెక్కింది.

తరవాత ఏళ్ళకేళ్ళు ఆమె అలాగే పరీక్షలకు వస్తూనే ఉంది. మా సార్లకు నిజంగా తెలియదా అంటే, ఆ ప్రశ్న నేను ఎవరినీ అడగలేదు. సాంపిల్ పీసు సంగతి కొట్టులో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక మరీ వీలు, వారానికి రెండుసార్లు కూడా కనిపించేదట.

పోయిన చలికాలంలో కాలేజీ పాతికేళ్ళ పండుగ పెట్టుకున్నారు. ఇప్పటి ప్రిన్సిపాల్ నాకు జూనియరు, చల్లచేతుల బ్యాచి అమ్మాయి. ఫోన్ చేసి, అన్నా, గద్వాలమ్మను తీసుకొచ్చే బాధ్యత నీది అంది. సంతోషంగా ఒప్పుకున్నాను. ఆ తరవాత మెల్లగా సంగతి చెప్పింది. కొత్త వ్యాయామశాల కట్టారు. దాని పేరు పలక మీద పరదా ఉంటుంది. వైస్ ఛాన్సలర్‌గారు, పాత విద్యార్థులు, కొత్త విద్యార్థులు అందరూ చూస్తుండగా గద్వాలమ్మ తాడు గుంజి పరదా తీస్తుంది. కుడిచేత్తో. మన చేతుల్లో బాగుపడిన చేత్తో.

బేరం మొదలుపెట్టాను. దీపం వెలిగిస్తే అన్నాను. అందరూ వెలిగించేదే కదన్నా అంది. పూలగుత్తి ఇస్తే అన్నాను. ఎడమచేత్తో గుంజితే అన్నాను. అదేం మాటన్నా, ఆహ్వానపత్రికలో అచ్చు వేయించేశాం, ఆమె ఇంటివాళ్ళకు కూడా పంపాం, కోడలు తప్పకుండా వస్తానంది అని చెప్పింది.

ఆ రాత్రి నుంచి నాకు సరిగ్గా అన్నం తినబుద్ధి కాలేదు. గద్వాలమ్మ చెయ్యి ఎత్తకపోతే, పాతికేళ్ళలో ఒక్క భుజాన్ని కూడా బాగుచేయలేని కాలేజీగా మేం నలుగురిలో మిగిలిపోతాం. ఎత్తిందా, ముందు వరసలో కోడలు కూర్చుని ఉంటుంది. పండుగ ఇంకా దూరంగా ఉన్నప్పుడు ఏదో ఒకటి తోచకపోతుందా అనుకున్నాను. ఏమీ తోచలేదు. పండుగ ముందు వారంలో ఒక పేషెంటుకు కుడిమోకాలి బదులు ఎడమమోకాలికి యంత్రం పెట్టాను. ఆమె మంచిదై, ఇది కూడా నొస్తనే ఉంది సార్, పెట్టు అంది.

పండుగ రోజు పొద్దున కారులో గద్వాల పోయాను. దారిలో ఆమెతో ఒంటరిగా మాట్లాడి ఏదో ఒకటి తేల్చుకోవచ్చని నా ఆశ. ఆమె తాను నేసిన పాతచీర కట్టుకుని, చేతిని మోసుకుంటూ వచ్చి వెనక సీట్లో కూర్చుంది. వెనకే కోడలు కూడా వచ్చి పక్కన కూర్చుంది. వచ్చిన కొత్తలో పిల్ల, ఇప్పుడు తలలో నెరిసిన వెంట్రుకలు. నమస్తే సార్ అని కిటికీ వైపు తిరిగింది. ఇక మాట్లాడేదేముంది.

బీచుపల్లి వంతెన మీదికి వచ్చాం. వెనక నుంచి గద్వాలమ్మ గొంతు సవరించుకుంది.

"సేటూ, ఇయ్యాల సరుకు చూపెట్టాల్నా, మూట ఇప్పొద్దా?"

కోడలు వంక అద్దంలో చూశాను. ఆమె నది వంక చూస్తున్నది.

పెద్ద గిరాకీ వస్తున్నదమ్మా, చూపించకపోతే దుకాణం పేరు పోతది అన్నాను.

"చూపిస్తే ఇంటి పేరు పోతది గద."

"మధ్యల ఏదన్న ఉంటదేమో చూడు."

"సరుకుల మధ్య ఏముంటది సేటూ? ఉన్నదో, లేదో."

కోడలు అప్పుడు మాట్లాడింది. ఈ ఏడు నీళ్ళు బాగ వచ్చినయి గద సార్ అంది. బాగ వచ్చినయమ్మా అన్నాను.

కాలేజీ ముందు షామియానా. పాత బ్యాచిలవాళ్ళు పొట్టలూ బట్టతలలూ వేసుకుని వచ్చారు. గద్వాలమ్మ చుట్టూ మూగి, మాది ఏ బ్యాచి చెప్పమ్మా అని అడిగితే వాళ్ళ చేతులు ఒకసారి పట్టుకుని చూసి గోళ్ళ బ్యాచి, ఉంగరాల బ్యాచి అని చెబుతున్నది. అంతా నవ్వుతున్నారు. నేను పరదా దగ్గరికి పోయి చూశాను. తాడు నా తల కన్న పైన వేలాడుతున్నది. షామియానా వాణ్ణి పట్టుకుని, తాడు కాస్త కిందికి వదలవయ్యా అని బతిమాలాను. ఫోటోల మంచిగ రాదు సార్, ఇంజనీరు సారు గింతే పెట్టుమన్నడు అన్నాడు. కొట్టు కొడుకునై ఉండి వాడి దగ్గర జానెడు తాడు దింపించలేకపోయాను.

పేరు పిలిచారు. మైకులో ప్రిన్సిపాల్, ఈ అమ్మ చేతి మీద నేర్చుకోని ఫిజియోథెరపిస్టు మా కాలేజీలో లేడు అంది. గద్వాలమ్మను నేను నడిపించుకుని పోయాను. ముందు వరసలో కోడలు చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెదవులు బిగించి, అత్త చెయ్యి వైపే చూస్తున్నది. వైస్ ఛాన్సలర్‌గారు నమస్కారం పెట్టి, చెయ్యెత్తి గుంజమ్మా, అందరూ చూడాలి అన్నారు.

గద్వాలమ్మ తాడు వంక చూసింది. కోడలు వంక చూసింది. తరవాత నా వంక తిరిగి, మోచేతిని తెచ్చి నా అరచేతిలో పెట్టింది.

"నువ్వే ఎత్తు సేటూ."

ఎప్పటిలాగే ఉత్త చెయ్యే వస్తుందనుకుని తేలికగా పట్టుకున్నాను. నా చెయ్యి కిందికి దిగిపోయింది. బరువు వచ్చింది. మొత్తం వచ్చింది. ఒక మనిషి చెయ్యి అంత బరువుంటుందని, రోజూ చేతులే ఎత్తే నేను మరిచిపోయాను. భుజం దగ్గర నుంచి వేళ్ళ దాకా ఎక్కడా ఒక్క పోగు కూడా ఆమె దగ్గర ఉంచుకోలేదు. గబుక్కున రెండో చెయ్యి కూడా వేసి పట్టుకున్నాను. నడుము, ఛాతీ, భుజం, చెవి, అన్నీ దాటించి మెల్లగా పైకి తీసుకుపోయాను. తేలుబొమ్మ నా కళ్ళ ముందు నుంచి ఎక్కిపోయింది. పైన ఆమె వేళ్ళు తెరుచుకుని తాడును పట్టుకున్నాయి.

ఆ తరవాత ఏం జరిగిందో చూసింది నేనూ, ఇంకొకరూ. మణికట్టు ఒక్కసారి విసురుగా తిరిగింది. నాడెను కొట్టే విసురు. పరదా ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క దెబ్బకు పోయింది.

చప్పట్లు ఆగలేదు. వైస్ ఛాన్సలర్‌గారు నా భుజం తట్టి, ఇదీ మన విద్యార్థుల చేతి చలవ అన్నారు. కాలేజీ పరువు నిలబడింది. చెయ్యి ఎత్తింది నేను కాబట్టి ఇంటి పరువూ నిలబడాలి. సరుకు చూపెట్టీ చూపెట్టకుండా అమ్మిన బేరం అది. నాకు జన్మలో తట్టనిది ఆమెకు అక్కడ నిలబడ్డ క్షణంలో తట్టింది. కానీ ఆ మణికట్టు విసురు. మగ్గం మీద బతికే మనిషి దాన్ని గుర్తుపట్టకుండా ఉంటుందా? కోడలు చప్పట్లు కొట్టలేదు. పెదవులు అలాగే ఉన్నాయి.

తిరుగు దారిలో గద్వాలమ్మ నిద్రపోయింది. కోడలు ఒక్కటే మాట అంది, అత్తమ్మకు చెయ్యి నొస్తుందేమో, జర మెల్లగ నడుపుండ్రి సార్ అని. అది దెప్పుడో, దయో నాకు అర్థం కాలేదు. వాళ్ళను దింపి వచ్చాక ఫోన్ చేసి కనుక్కుందామని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆ ఇంట్లో ఏం గొడవైందో వినాల్సి వస్తుందని చేయలేదు. పేషెంట్లకు ధైర్యం చెప్పే మనిషిని, ఒక నంబరు నొక్కడానికి నెలలు వాయిదా వేశాను. ఆఖరికి ఫోన్ అటు నుంచే వచ్చింది.

గద్వాలకు చేరేసరికి ఇంటి ముందు జనం. కాలేజీ నుంచి కూడా కొందరు వచ్చారు, దండ పట్టుకుని ప్రిన్సిపాల్ ఏడుస్తున్నది. గద్వాలమ్మ అరుగు మీద పడుకుని ఉంది. రెండు చేతులూ పక్కన తిన్నగా ఉన్నాయి. ఎడమ అరచెయ్యి కింద లేకుండా ఆ కుడిచెయ్యి పక్కన ఉండడం నేను మొదటిసారి చూశాను.

కోడలు నన్ను లోపలికి పిలిచింది. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. పైనుంచి తాడు వేలాడుతున్నది. ఆమె దాన్ని పట్టుకుని నిలబడింది. పండుగ నాటి సంగతి ఎత్తుతుందని నేను గుండె గట్టి చేసుకున్నాను.

"అత్తమ్మ ఎట్ల పండుకుంటదో మీకు తెల్సునా సార్?"

తెలియదన్నాను.

"రెండు చేతులు నెత్తి మీదికి వెట్టుకొని పండుకుంటది. మీ కాలేజిల బాగైన కాడి సంది గట్లనే."

నేను అక్కడే మగ్గం గుంట అంచు మీద కూర్చున్నాను. మరి ఇన్నేళ్ళు ఎందుకు అడగలేదమ్మా అన్నాను.

"అడిగితే వచ్చి మగ్గం మీద కూసుంటది గద. నా అంచుకు వంకలు వెడ్తది." ఆమె నవ్వబోయింది, నవ్వు మధ్యలో ఆగిపోయింది. "చిన్నప్పటి సంది నేసింది సార్. తిరగనియ్యి అనుకున్న. వచ్చినంక మీ పిల్లల ముచ్చట్లు చెప్పేది. గవి వినుకుంట నేస్తుంటి."

వంతెన మీద మా మాటలు గుర్తొచ్చి నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఆమె తాడు వదిలి, చీరకొంగుతో ముఖం తుడుచుకుంది. బయటి నుంచి ఎవరో ఆమెను పిలుస్తున్నారు. పోబోతూ ఆగి, గొంతు తగ్గించి చెప్పింది.

"పొద్దుగాల చాయ్ తీస్కపోతే అప్పటికే పోయింది సార్. చెయ్యి పైననే ఉన్నది. అందరొస్తరు, మీ కాలేజోళ్ళు గూడ వస్తరు, చూస్తరని నేనే దించి పక్కకు వెట్టిన." గుమ్మం పట్టుకుని ఒక్క క్షణం నిలబడింది. "నాకు భయమైంది, ఎట్ల దిగుతదో అని. వదులుగనే వచ్చింది సార్."